ఏడో పాట ఒక్కటే బాగుందట

ఈ భూమ్మీద ఇంతవరకు ఆలస్యమన్నది ఎరగనివాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు సూర్యుడు, ఇంకొకరు మా అమ్మమ్మ. మబ్బు పట్టిన రోజుల్లో సూర్యుడి సంగతి గట్టిగా చెప్పలేం కాబట్టి లెక్కకు మిగిలేది ఒక్కరే. మా అమ్మమ్మ తుమ్మితే గోడగడియారం ఉలిక్కిపడి తన ముల్లు సరిచేసుకునేది. ఆవిడ కర్రతో చెక్క మీద నాలుగు దెబ్బలు కొడితే, వీధిలో పోయేవాళ్ల గుండెలన్నీ ఆ వరసలోకి వచ్చేవి. ఇందులో నేను కలిపింది కొంత ఉంది. ఎంతో చెప్పను.

తొమ్మిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినదాన్ని. ఇంత పొడుగు రాత రాయడం ఇదే మొదలు. ఒళ్లు మండి రాస్తున్నాను. అమ్మమ్మకు నాకంటే ఎక్కువ మండింది గానీ ఆవిడకు రాసే ఓపిక లేదు, తిట్టే ఓపికే ఉంది.

అమ్మమ్మ ముప్పై ఎనిమిదేళ్లు ఒక డ్యాన్స్ బడిలో తాళం కొట్టింది. డ్యాన్స్ నేర్పింది కాదు, తాళం కొట్టింది. పొడుగాటి హాలు, చెక్క నేల, ఒక గోడ పొడుగునా అద్దాలు, ఆ మూలన ఒక పీట, పీట ముందు ఒక చెక్కదిమ్మ. చేతిలో మూరెడు కర్ర. ఆ హాల్లో తొమ్మిదిమంది మాస్టర్లు మారారు, అద్దాలు రెండుసార్లు పగిలాయి, పీట మీద మనిషి మాత్రం మారలేదు. పిల్లలు ఆవిడను చాటుగా టకటకమ్మ అనేవాళ్లు. ఎవరైనా అడుగు ఆలస్యంగా వేస్తే కర్ర ఆపి, "నీ ఒళ్లు వచ్చింది గానీ కాలు ఇంకా నిన్నటి దగ్గరే ఉండిపోయిందే. పోయి తీసుకురా" అనేది. ముందే వేస్తే, "రేపటి పని ఇవాళెందుకమ్మా, కూర్చో" అనేది. ఏడ్చినవాళ్లున్నారు. బడి మానేసినవాళ్లూ ఉన్నారు. తాళం తప్పినవాళ్లు మాత్రం చివరికి ఎవరూ మిగల్లేదు.

మామూలుగా మనుషులకు కోపం వస్తుంది, పోతుంది. మా అమ్మమ్మకు ఉంటుంది. దానికి కారణం ఒక ఇనప్పెట్టె. బడి వార్షికోత్సవానికి ఏటా ఒక కాగితం అచ్చు వేసేవాళ్లు. నేర్పిన మాస్టరు పేరు, ఆడిన పిల్లల పేర్లు, బట్టలు కుట్టిన దర్జీ పేరు, లైట్లు వేసినాయన పేరు, చివరికి కుర్చీలు తెచ్చిన దుకాణం పేరు కూడా ఉండేది. తాళం ఎవరు కొట్టారో ఉండేది కాదు. ఆ ముప్పై ఎనిమిది కాగితాలూ ఆ పెట్టెలో దాచింది. ఎందుకు దాచావంటే "సాక్ష్యానికి" అంటుంది. "తాళం గాల్లోంచి ఊడిపడిందనుకున్నారు కాబోలు" అని, అప్పుడప్పుడు మూత తీసి తిట్టి మళ్లీ మూస్తుంది.

ఇలా ఉండగా పోయినేడు ఒక ఆదివారం పొద్దున సన్నోడు వచ్చాడు. ఒకప్పుడు ఆ బడిలో నేర్చుకున్నవాడే. అప్పట్లో గాలికి ఎగిరిపోయేలా ఉండేవాడట.

"ఏరా సన్నోడా, తలుపు పట్టడం లేదేం?" అంది అమ్మమ్మ, వాడు పక్కకు తిరిగి లోపలికి వస్తుంటే.

"మీ దీవెన అమ్మగారూ" అన్నాడు వాడు నవ్వుతూ. సన్నోడికి చిన్న కంపెనీ ఉంది. కళ్లద్దాల దుకాణం మీద రెండో అంతస్తులో రెండు గదులు, ఐదుగురు మనుషులు. అరచేతిలో పట్టుకుని ఆడే బుల్లి యంత్రం కోసం వాళ్లు ఒక పాటల గేము తయారు చేస్తున్నారు. పేరు 'చిటికె'. పాట మోగుతుంటే కుడివైపు నుంచి చుక్కలు పరుగెత్తుకుంటూ వస్తాయి. ఎడమవైపు ఒక సున్నా ఉంటుంది. చుక్క సున్నాలో పడే క్షణానికి, పాట దెబ్బకు సరిగ్గా, మీట నొక్కాలి. సరిపోతే పువ్వు పూస్తుంది, తప్పితే రాలుతుంది. అంతే ఆట. ఆ చుక్క ఏ క్షణానికి పడాలో ఎవరో ఒకరు పాట వింటూ గుర్తు పెట్టాలి.

"కంప్యూటర్ చేత పెట్టించాం అమ్మగారూ. లెక్కకు సరిగ్గానే ఉంటుంది, ఆడితే ప్రాణం లేదు. అప్పుడు మీరు గుర్తొచ్చారు."

"నా పేరు వేస్తావా?"

"వేస్తానండీ. గేము చివర అందరి పేర్లూ వస్తాయి. తాళం అని రాసి పక్కన మీ పేరు."

"కుర్చీలవాడి పేరుకు ముందా, వెనకా?"

"మా గేములో కుర్చీలవాడు లేడండీ."

"అయితే చేస్తా" అంది అమ్మమ్మ. ఇంకేమీ అడగలేదు.

గుర్తులు పెట్టడానికి వాళ్లొక మీట ఉన్న పెట్టె ఇచ్చారు. వేలితో నొక్కమన్నారు. "వేలితో లిఫ్టు పిలుస్తారు, తాళం కొట్టరు" అని అమ్మమ్మ మొండికేసింది. చివరికి మీట మీద చిన్న చెక్కముక్క అతికించారు. మా భోజనాల బల్ల మీద ఆ పెట్టె, చెవుల్లో వైరున్న ఇయర్‌ఫోన్, చేతిలో పాత కర్ర. ఒక్కో పాటను తొమ్మిదిసార్లు ఊరికే వినేది. పదోసారి కొట్టేది. ఒక్కసారే కొట్టేది. దిద్దడం అనేది ఆవిడ ఇంటావంటా లేదు. మేం ఆ ఆరువారాలూ గిన్నెల చప్పుడు కాకుండా అన్నం తిన్నాం.

ఏడో పాట రోజున ఇయర్‌ఫోన్ వైరు తెగిపోయి ఉంది. ఎలా తెగిందో తర్వాత చెబుతాను. నేను నా ఇయర్‌ఫోన్ ఇచ్చాను, వైరు లేని రకం. "ఇవి ఇంకా మంచివి అమ్మమ్మా, బఠాణీ గింజల్లా చెవిలో కూర్చుంటాయి" అని. పెట్టుకుంది. తొమ్మిదిసార్లు విని పదోసారి కొట్టింది. కొట్టి, తిన్న అన్నం సహించనట్టు మొహం పెట్టింది.

"చెయ్యి మొద్దుబారిందే ఇవాళ" అంది. మళ్లీ కొట్టింది. మూడోసారీ కొట్టింది. నేను పుట్టాక ఆవిడ ఒక పనిని మూడుసార్లు చెయ్యడం చూడలేదు. సాయంత్రం సన్నోడి మనిషి వచ్చి ఆ గుర్తుల నకలు తీసుకుపోయాడు.

మూడు రోజుల తర్వాత కొత్త వైరు ఇయర్‌ఫోన్ కొన్నాం. అమ్మమ్మ ఏడో పాట పెట్టి వింది. పాట మొదటినుంచి చివరిదాకా ప్రతి దెబ్బా వెనక. ఎంత వెనక అంటే, సెకనులో ఆరో వంతు. వెంటనే ఫోన్ చేసింది.

"సెకనులో ఆరో వంతు ఎవరికి తెలుస్తుంది అమ్మగారూ? పైగా ఆ పాటను గేములో కలిపి కట్టేశాం" అన్నాడు సన్నోడు.

"నాకు తెలుస్తుందిరా" అంది. వాడు వినలేదు.

మిగతా ఐదు పాటలూ కొత్త వైరుతో బాగానే వచ్చాయి. అయినా ఆ రోజు నుంచి అమ్మమ్మ తన కుడిచేతిని పరాయి చేతిలా చూడటం మొదలుపెట్టింది. నీళ్ల గ్లాసు ఎత్తి, గాల్లో ఆపి, నీళ్లు కదులుతున్నాయా అని చూసేది. మేం చూస్తే గటగటా తాగేసేది. డెబ్బై ఒకటో ఏడు. ఒకరోజు సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలిచింది. అడగని మనిషి అడిగితే భయమేస్తుంది. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

తర్వాత గేము బయటికొచ్చింది. చివర్లో తెర మీద పేర్లు పైకి జరుగుతుంటే 'తాళం' అన్న మాట, పక్కన అమ్మమ్మ పేరు. మా అమ్మ ఏడ్చింది. అమ్మమ్మ మాత్రం "అక్షరాలు కాస్త పెద్దవి దొరకలేదా?" అంది. అయితే ఆ యంత్రాన్ని పైట చెంగుతో తుడిచి ఇనప్పెట్టెలో కాగితాల మీద పెట్టింది. ఆ పెట్టెకు ఆ రోజు తిట్లు పడలేదు.

వారానికి సమీక్షలు వచ్చాయి. గేముల మీద రాసే పత్రికలో ఒకాయన పదికి నాలుగు వేశాడు. ఆయన్ని చూసి మరో ఇద్దరూ నాలుగే వేశారు, గొర్రెలకు కూడా కొంచెం సొంత బుద్ధి ఉంటుంది. మొదటిదాన్ని నేనే పైకి చదివాను. చదవడం మొదలుపెట్టాక ఆపడానికి వీల్లేకపోయింది.

"'చుక్కలు పాటకంటే ముందే పరుగెత్తిపోతున్నాయి. పాట వింటూ నొక్కితే తప్పంటుంది. ఈ గుర్తులు పెట్టినవారికి తాళజ్ఞానం ఉన్నట్టు లేదు. ఏడో పాట ఒక్కటే బాగుంది. మిగతా పదకొండింటికీ ఆ చెయ్యే పనిచేసి ఉంటే ఎంత బాగుండేది!'"

అమ్మమ్మ పప్పు ఏరుతోంది. చేట కింద పెట్టింది.

"మళ్లీ చదువు."

చదివాను.

"తాళజ్ఞానం లేదా? ముప్పై ఎనిమిదేళ్లు కొట్టాను. నా పీట కింద నేల అరిగింది గానీ నా తాళం అరగలేదు. ఎవడు వాడు? వాడి వయసెంత? వాడి చెవులకు ఇంకా పాలవాసన పోయుండదు!"

ఆ మధ్యాహ్నమే సన్నోడు ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది. శుక్రవారం పొద్దున గేముకు దిద్దుబాటు పంపుతున్నాడట. పదకొండు పాటల్లో చుక్కలన్నిటినీ సెకనులో ఆరో వంతు వెనక్కి జరుపుతాడట. ఏడో పాటను ముట్టుకోడట.

"ఒరే, సరిగ్గా ఉన్న పదకొండింటినీ ఈడ్చుకెళ్లి ఆ తప్పుల పాట పక్కన కూర్చోబెడతావా? పైన నా పేరు పెట్టి?"

"జనం అలాగే అంటున్నారు అమ్మగారూ. నేనేం చెయ్యను?"

"జనమా? ముగ్గురు కదరా!"

వాడు పెట్టేశాడు. ఆ రోజు బుధవారం. అమ్మమ్మ పప్పు చేట ముందు చాలాసేపు కదలకుండా కూర్చుంది. తిట్టడం లేదు. అది మంచి లక్షణం కాదు. ఉన్నట్టుండి అంది:

"నేను ఒప్పుగా కొట్టిన పదకొండూ వాడికి తప్పుగా వినిపించాయి. నేను తప్పు కొట్టిన ఒక్కటీ ఒప్పుగా వినిపించింది. తేడా కూడా అంతే, ఆరో వంతే. చెవిటివాడైతే ఇంత సరిగ్గా తప్పడు. వాడి చెవిలో ఏదో ఉంది."

అంటూ తలెత్తి నా చెవులకేసి చూసింది. వాటిలో నా బఠాణీ గింజలు ఉన్నాయి.

"అవి ఇలా ఇయ్యి."

వాటితో మూడో పాట ఆడింది. చుక్కలు ముందు, పాట వెనక. పువ్వులన్నీ రాలిపోయాయి. ఏడో పాట పెట్టింది. ఒక్క పువ్వు రాలలేదు. వైరు పెట్టి మళ్లీ ఆడింది. మూడో పాట పూసింది, ఏడోది రాలింది. ఆ వైరు లేని గింజల్లోకి పాట గాల్లో ప్రయాణం చేసి వచ్చేసరికి ఆరో వంతు ఆలస్యమవుతోంది. ఏడో పాట కొట్టిన రోజు ఆవిడ చెయ్యి సరిగ్గానే ఉంది. ఆవిడకు వినబడిన పాటే వెనకబడి ఉంది. ఆ పత్రికాయనా అలాంటివే పెట్టుకుని ఆడి ఉంటాడు.

అమ్మమ్మ కుడిచెయ్యి చాచి వేళ్లు ముడిచి తెరిచి చూసుకుంది. కళ్లు తడిశాయి. వెంటనే ఆ తడి స్థానంలోకి కోపం వచ్చేసింది.

"ఆ రోజు వైరు ఎలా తెగిందే కోతీ?"

"ఎలక కొరికింది అమ్మమ్మా."

"ఊఁ" అంది. "రేపు ఆ పత్రికవాడి దగ్గరికి పోతున్నాం. కర్ర తీసి పెట్టు."

గురువారం పది గంటలకల్లా వెళ్లాం. పదింటికి తలుపు తీయాల్సినవాళ్లు పదీ పదికి తీశారు, అక్కడే సగం యుద్ధం మొదలైంది. గాజు తలుపు గది, బల్లల మీద యంత్రాలు, ఖాళీ కాఫీ కప్పులు. నాలుగు మార్కులాయన కుర్రవాడే, మర్యాదస్తుడే. మాతో మాట్లాడటానికి ఒక చెవిలోంచి గింజ తీశాడు, రెండోది అలాగే ఉంచాడు. అమ్మమ్మ నా డొక్కలో మోచేత్తో పొడిచింది.

"మీరెవరండీ?"

"తాళజ్ఞానం లేదని రాశావే, అది నేనే."

అతను లేచి నిలబడ్డాడు. "అయ్యో, కూర్చోండమ్మా. నేను ఎవర్నీ ఉద్దేశించి..."

"నన్నే ఉద్దేశించావు నాయనా. తాళం అన్న మాట పక్కన ఉన్న పేరు నా ఒక్కదానిదే. ఆ చెవిలోది తీసి ఇది పెట్టుకో. మూడో పాట ఆడు."

వైరు ఇయర్‌ఫోన్ చేతికిచ్చింది. అతను దాన్ని తాతల నాటి లాంతరులా ఎగాదిగా చూసి పెట్టుకున్నాడు. ఆడాడు. పువ్వులు పూస్తున్నాయి. నాలుగోది ఆడాడు. తొమ్మిదోది ఆడాడు. మెడ ఎర్రబడింది.

"ఇప్పుడు ఏడోది."

ఆడాడు. అన్నీ రాలాయి. "ఇది... ఇది వెనకబడి ఉందండీ."

"ఉంది. ఆ తప్పు నాది. నువ్వు అచ్చులో మెచ్చుకున్నది ఆ తప్పునే."

"కానీ అమ్మా, ఈ రోజుల్లో వైరుతో ఎవరు వింటున్నారండీ?" అన్నాడు. అది పూర్తిగా కొట్టిపారెయ్యాల్సిన మాట కాదని నాకనిపించింది. అమ్మమ్మకు అనిపించలేదు.

"యంత్రానికి వైరు గుచ్చమని కన్నం ఉందా లేదా? అందులో ఒక్కసారి గుచ్చి చూడకుండా నా ముప్పై ఎనిమిదేళ్ల మీద ఒక ముక్కలో రాసి పడేశావు. మార్కు మార్చు."

"ఒకసారి వేసిన మార్కు మార్చమండీ. అది మా పద్ధతి. కింద ఒక వివరణ వేస్తాను."

"తప్పని తెలిశాక కూడా మార్చవా?"

"పద్ధతండీ..."

"మా బడిలో అడుగు తప్పితే మళ్లీ వేయించేదాన్ని. మీ బడిలో తప్పుకు పద్ధతని పేరు పెట్టుకున్నారన్నమాట" అని లేచి, కర్రతో అతని బల్ల మీద టక్కుమని ఒక్క దెబ్బ కొట్టింది. గదిలో అందరూ తిరిగి చూశారు. కాఫీ కప్పు ఒకటి పడింది. దాన్ని నేనే ఎత్తి పెట్టాను, ఎంతైనా కొంచెం చదువుకున్నదాన్ని.

అక్కణ్ణుంచి తిన్నగా సన్నోడి ఆఫీసుకు. మెట్లు ఎక్కుతున్నంతసేపూ ప్రతి మెట్టుకూ ఒక తిట్టు. సన్నోడు రెండు రకాల ఇయర్‌ఫోన్లతోనూ ఆడి చూసి తల పట్టుకున్నాడు. రేపటి దిద్దుబాటు ఆపేస్తానన్నాడు. వైరు ఉన్న ఇయర్‌ఫోన్‌తో ఆడమని మొదట్లో ఒక మాట వేస్తానన్నాడు.

"ఏడో పాట మళ్లీ కొడతాను. అదీ పంపు."

సన్నోడు కుర్చీలో జరిగాడు. "అదొక్కటీ వద్దు అమ్మగారూ. మూడు సమీక్షల్లోనూ మెచ్చుకున్న పాట అదొక్కటే. దాన్నీ కదిపితే మాకు మిగిలేదేముంది? ఐదుగురం బతకాలి."

"తప్పని తెలిసి ఉంచుతావా?"

"మెచ్చుకుంటున్నారు కదండీ!"

"అయితే నా పేరు తీసెయ్."

నాకు ఇనప్పెట్టె గుర్తొచ్చింది. "అమ్మమ్మా..." అన్నాను.

"నువ్వు నోరు ముయ్యి. తీసెయ్‌రా. ముప్పై ఎనిమిదేళ్లు పేరు లేకుండా ఒప్పుగా కొట్టాను. పేరు పెట్టుకుని తప్పు కొట్టలేను."

సన్నోడు కళ్లు దించుకున్నాడు. ఆ క్షణంలో వాడు నిజంగానే సన్నగా, అద్దాల గోడ ముందు అడుగు తప్పిన పిల్లాడిలా కనబడ్డాడు. లేచి వెళ్లి పక్క గదిలోంచి చెక్క అతికించిన పెట్టె తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. అమ్మమ్మ వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. ఈసారి తొమ్మిదిసార్లు వినలేదు. నాలుగు నెలలుగా ఆ పాట ఆవిడ తలలో మోగుతూనే ఉండి ఉంటుంది. ఒక్కసారి కొట్టింది. సరిపోయింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది, నా కోపమూ చల్లారేది. నాలుగు మార్కులాయన వివరణ వేశాడు, చీమ తలకాయంత అక్షరాల్లో, అట్టడుగున. పైన నాలుగు అలాగే ఉంది. సన్నోడు మొదట్లో వేసిన మాట ఎవరూ చదవలేదు. ఏడో పాట దిద్దుబాటు వెళ్లిన వారానికి, ఆ వెనకొచ్చిన ఇద్దరిలో ఒకాయన మళ్లీ రాశాడు: 'ఉన్న ఒక్క మంచి పాటనూ చెడగొట్టారు. ఇక మూడు మార్కులే.' నేను పైకి చదివాను. అమ్మమ్మ యంత్రాన్ని చెంగుతో తుడుస్తూ వింది. "మూడు కాకపోతే సున్నా వేసుకోమను. పాట సరిగ్గా ఉంది" అంది. గ్లాసులో నీళ్లు తాగింది. మధ్యలో ఆపి చూసుకోలేదు.

ఇక ఆ వైరు సంగతి. ఎలకా లేదు, ఏమీ లేదు. ఆ మధ్యాహ్నం అమ్మమ్మ నిద్రపోతుంటే దొంగతనంగా ఆ మీట పెట్టె మీద ఆరో పాట ఆడుతున్నాను. ఎవరో తలుపు కొట్టారు. చెవుల్లో వైరుందన్న సంగతి మరిచి లేచి పరుగెత్తాను. వైరు పటుక్కుమంది. దాన్ని చుట్టచుట్టి దుప్పట్ల అరలో అడుగున దాచాను. ఆవిడ గ్లాసు ఎత్తి చూసుకున్న నాలుగు నెలలూ అది అక్కడే ఉంది.

ఇదంతా రాసి, మొత్తం అమ్మమ్మకు చదివి వినిపించాను, సూర్యుడి దగ్గర్నుంచి దుప్పట్ల అర దాకా. పీట మీద కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని, కళ్లు మూసుకుని వింది. ఎలా ఉందని అడిగాను.

"పదికి నాలుగు" అంది. "వైరు తెంపింది నువ్వేనన్న మాట మొదటి పేజీలో పడాలి. చివరి పేజీలో పడింది. ఆలస్యం."